మెస్ బోర్డు మీది పప్పు పిల్లల ఒంటికి ఎంత పడుతోంది?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల రెసిడెన్షియల్ స్కూలుకో కాలేజీకో పిల్లల్ని చేర్చడానికి వచ్చే అమ్మానాన్నలు ముఖ్యంగా ర్యాంకులు, గదులు, మెస్ చూస్తారు. మెస్ చూడటమంటే చాలావరకు గోడకున్న మెనూ బోర్డు చదవడమే. సోమవారం ఇడ్లీ, మంగళవారం ఉప్మా, రోజూ పప్పు, ఒక కూర, సాంబారు, మజ్జిగ, వారానికి మూడు నాలుగు సార్లు గుడ్డు, ఆదివారం చికెన్. తప్పు పట్టడానికి ఏమీ కనపడదు. ఇంట్లో మనం ఇంతకంటే ఏం పెడుతున్నాం అనిపిస్తుంది. అయినా ఆరేడు నెలలు తిరిగేసరికి ఆ పిల్లల్లో కొందరు పాలిపోయి ఉంటారు, రెండో అంతస్తు మెట్లెక్కితే ఆయాసపడతారు, తల దువ్వుకుంటే జుట్టు ఊడి వస్తోందంటారు. ఒకరు చిక్కిపోతే, పక్క మంచం మీద పడుకునే పిల్ల ఎనిమిది కిలోలు పెరిగి ఉంటుంది. ఇద్దరూ తిన్నది ఒకే మెస్‌లో.

ఇది ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే “ఫుడ్ బాగుందా, లేదా” అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. బోర్డు మీద రాసింది పిల్లల రక్తంలోకీ ఎముకల్లోకీ చేరేలోపు చాలాచోట్ల తరిగిపోతుంది. సరుకుల గదిలో కొంత, వంట గిన్నెలో కొంత, కంచం దగ్గర కొంత, చివరికి పేగుల్లో కొంత. ఆ దారి మొత్తం చూడాలి.

ముందు వయసు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల దాకా కౌమారం. పుట్టిన మొదటి ఏడాదిలో పెరిగినంత జోరు మళ్లీ కనిపించేది ఈ వయసులోనే. పెద్దయ్యాక మనిషికి ఉండే బరువులో సగం దాకా, ఎత్తులో 15 నుంచి 20 శాతం ఈ కాస్త కాలంలోనే వస్తాయి. ఆడపిల్లల్లో ఈ ఎదుగుదల పది, పదకొండేళ్లకే ఊపందుకుంటుంది. పన్నెండుకు అటూ ఇటుగా ఒక ఏడాదిలో ఎనిమిది సెంటీమీటర్ల దాకా సాగుతారు. రజస్వల అయ్యేది ఆ తర్వాతే. అప్పటికి ఎత్తులో చాలావరకు పెరగడం అయిపోయి, సగటున ఇంకో ఐదారు సెంటీమీటర్లే మిగులుతాయి. మగపిల్లలు రెండేళ్లు వెనక నడుస్తారు. వాళ్లకు అసలు ఊపు 13, 14 ఏళ్లప్పుడు వస్తుంది. ఏడాదికి తొమ్మిది పది సెంటీమీటర్లు పెరిగి, 17, 18 దాకా కొద్దికొద్దిగా కొనసాగుతారు.

దీన్ని మన చదువుల క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. ఇప్పుడు ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచ్‌ల పేరుతో హాస్టల్‌లో వేస్తున్నారు. పదకొండేళ్ల ఆడపిల్లను హాస్టల్‌లో వేస్తున్నామంటే, పసితనం తర్వాత ఆమె అన్నిటికంటే ఎక్కువగా ఎదిగే రెండేళ్ల తిండిని పూర్తిగా మెస్‌కి అప్పగిస్తున్నామన్నమాట. ఇంటర్‌లో చేరే ఆడపిల్లకు ఎత్తు దాదాపు అయిపోయి ఉంటుంది, కానీ ఎముక గట్టిపడటం నడుస్తూనే ఉంటుంది, నెలనెలా రక్తం పోతూ ఉంటుంది. అదే ఇంటర్‌లో చేరే మగపిల్లాడు ఇంకా ఎదుగుతూ ఉండొచ్చు. ఇన్ని రకాల అవసరాలున్న పిల్లలకు ఒకే వంట, ఒకే గరిటె.

అవసరం ఎంతో అంకెల్లో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు 2400 కేలరీలు, 43 గ్రాముల ప్రొటీన్, 30 మిల్లీగ్రాముల ఐరన్, 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 16 నుంచి 18 ఏళ్ల మగపిల్లాడికి 3320 కేలరీలు, 55 గ్రాముల ప్రొటీన్, 26 మిల్లీగ్రాముల ఐరన్, 1050 మిల్లీగ్రాముల కాల్షియం. అదే సంస్థ బరువు పనులు చేసే మగమనిషికి చెప్పిన కేలరీలు 3470. అంటే ఇంటర్ కుర్రాడి ఆకలి మూటలు మోసే మనిషి ఆకలికి దగ్గరగా ఉంటుంది. “వాడికి ఎంత పెట్టినా చాలదు” అని తల్లులు అనే మాటలో అతిశయోక్తి లేదు.

ఇప్పుడు మెస్ కంచాన్ని ఈ అంకెల పక్కన పెడదాం. తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఇడ్లీ, ఉప్మా రవ్వతో కలిపి రోజుకు 350 గ్రాముల బియ్యం తిన్నదనుకుందాం. రెండు పూటలా కలిపి 60 గ్రాముల కందిపప్పు, ఒక గుడ్డు. ప్రొటీన్ లెక్క వేస్తే బియ్యం నుంచి 26 గ్రాముల పైన, పప్పు నుంచి 13, గుడ్డు నుంచి 6. మొత్తం 45. అంటే 43 గ్రాముల అవసరం తీరిపోయినట్టే. అన్నం ప్రొటీన్‌లో లైసిన్ అనే ముక్క తక్కువ, పప్పులో అది ఎక్కువ. అందుకే మన పప్పన్నం ఒకదాని లోటు ఒకటి తీర్చుకుంటుంది.

అదే కంచంలో ఐరన్ ఎంత? పాలిష్ పట్టిన బియ్యంలో ఐరన్ నామమాత్రం. బియ్యం, పప్పు, గుడ్డు అన్నీ కలిపినా ఆరేడు మిల్లీగ్రాములకు మించదు. కావాల్సింది 30. కాల్షియం ఇంకా ఘోరం: ఈ మూడింటి నుంచి వచ్చేది 100 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. కావాల్సింది 1000. కడుపు నిండింది, ప్రొటీన్ సరిపోయింది, ఐరన్‌లో నాలుగో వంతు కూడా లేదు, కాల్షియంలో పదో వంతు. ఆ మిగతాదంతా పాలు, పెరుగు, ఆకుకూరలు, రాగులు, నువ్వులు, వేరుశనగ, పండ్ల నుంచి రావాలి. హాస్టల్ వంటలో ముందుగా కోత పడేది సరిగ్గా వీటికే. ఖర్చు ఒక కారణమైతే చాకిరీ ఇంకో కారణం. వెయ్యి మందికి తోటకూర ఏరి, కడిగి, తరగడం కంటే బంగాళాదుంపో దొండకాయో వండటం వంటవాళ్లకు సులువు.

కాబట్టి ప్రొటీన్ పౌడర్ డబ్బా కొని పంపే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. మీ పిల్లల కొరత చాలాసార్లు మీరు అనుకున్న చోట లేదు. ఆ డబ్బా డబ్బులతో పాలు, పండ్లు, గుప్పెడు వేరుశనగ గుళ్లు ఏర్పాటు చేయగలిగితే అది అవసరమైన చోటికి చేరుతుంది.

రోజంతా కూర్చునే పిల్లల చిక్కు

ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించరు. 3320 కేలరీలు అన్నది బాగా తిరిగి, ఆడుకునే కుర్రాడి లెక్క. మన దగ్గర ఉదయం ఐదింటికి లేపి రాత్రి పదిన్నర దాకా క్లాసులు, స్టడీ అవర్స్ పెట్టే చోట పిల్లలు రోజులో పన్నెండు గంటలు బెంచీ మీదే ఉంటారు. గ్రౌండ్ లేని క్యాంపస్‌లు తక్కువేం కాదు. కూర్చునే ఒంటికి కేలరీలు తక్కువ చాలు. కానీ ఐరన్, కాల్షియం, జింక్, బి12 అవసరం కూర్చున్నంత మాత్రాన తగ్గదు. ఎముక పెరగాల్సిందే, రక్తం పట్టాల్సిందే. అంటే కదలని పిల్లలకు తక్కువ తిండిలోనే ఎక్కువ పోషకాలు ఇమిడి ఉండాలి. మెస్‌లో జరిగేది దీనికి తలకిందులు: అన్నం ఎంతైనా పెడతారు, కూర, పెరుగు కొలిచి పెడతారు.

ఒకే హాస్టల్‌లో బక్కపలచని పిల్లలూ బొద్దు పిల్లలూ తయారు కావడానికి కారణం ఇదే. మెస్ కూర నచ్చని పిల్ల సగం తిని లేచిపోతుంది, చిక్కిపోతుంది. ఆకలి తట్టుకోలేని పిల్లాడు అన్నం, పచ్చడి, అప్పడంతో కడుపు నింపి, సాయంత్రం క్యాంటీన్‌లో పఫ్, క్రీమ్ బిస్కెట్లు, కూల్‌డ్రింక్ కలుపుతాడు, లావెక్కుతాడు. ఇద్దరికీ రక్తపరీక్ష చేస్తే ఇద్దరికీ హిమోగ్లోబిన్ తక్కువ ఉండొచ్చు. లావుగా ఉన్న పిల్లల్లో రక్తహీనత ఉండదనుకోవడం చాలా ఇళ్లలో వినిపించే పొరపాటు.

దేశవ్యాప్తంగా 2016 నుంచి 2018 మధ్య జరిగిన పిల్లల సమగ్ర పోషకాహార సర్వే ఈ దాగిన ఆకలిని బాగా చూపించింది. కౌమార వయసు ఆడపిల్లల్లో 40 శాతానికి, మగపిల్లల్లో 18 శాతానికి రక్తహీనత. ఈ వయసు పిల్లల్లో దాదాపు మూడో వంతుకు జింక్ లోపం, దాదాపు అంతే మందికి బి12 లోపం, 24 శాతానికి విటమిన్ డి లోపం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు 60 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇవి హాస్టల్ పిల్లల లెక్కలు కావు, అందరివీ. మన పిల్లలు హాస్టల్ గేటు లోపలికి అడుగు పెట్టేటప్పటికే చాలామంది లోటుతో వస్తున్నారన్నమాట.

ఇక గిన్నె దగ్గరికి వద్దాం. పప్పు పలచబడటం హాస్టల్ పిల్లలందరికీ తెలిసిన సంగతే. అది రుచికి సంబంధించిన గొడవగా మిగిలిపోతోంది కానీ, నిజానికి కొలవదగ్గ విషయం. ప్రభుత్వ బడుల్లో 6, 7, 8 తరగతుల పిల్లలకు మధ్యాహ్న భోజనంలో ఒక్కొక్కరికి 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు ఉండాలన్నది నియమం. ఒక్క పూటకు వందమందికి మూడు కిలోల పప్పు. లక్షల్లో ఫీజు తీసుకునే హాస్టల్‌ను కనీసం ఈ ప్రమాణం దగ్గర నిలబెట్టి అడగొచ్చు. “ఈ పూట ఎంతమందికి వండారు, ఎన్ని కిలోల పప్పు పోశారు?” అని. మూడు కిలోల చోట కిలోన్నర పడితే బోర్డు మీద పప్పు పప్పే. పిల్ల ఒంటికి చేరే ప్రొటీన్ మాత్రం ఆ పూటకు ఆరు గ్రాముల నుంచి మూడుకు పడిపోతుంది. నేను పైన వేసిన ప్రొటీన్ లెక్క పప్పు కిలోలు నిజాయితీగా పడితేనే నిలుస్తుంది.

మజ్జిగదీ అదే కథ. గ్లాసుడు మజ్జిగలో పెరుగు రెండు చెంచాలే ఉంటే కాల్షియం 40 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అదే 200 మిల్లీలీటర్ల చిక్కటి పాలలో 240 దాకా ఉంటుంది.

వంట పద్ధతి కూడా కొన్ని పోషకాల్ని తినేస్తుంది. పప్పు త్వరగా ఉడకాలని వంట సోడా వేస్తే బి1 విటమిన్ నాశనమవుతుంది. అన్నం వార్చి గంజి పారబోస్తే బి విటమిన్లు గంజితో పోతాయి. పదకొండింటికి దించిన కూర ఒంటిగంటన్నర దాకా వేడి మీద ఉంచితే విటమిన్ సి, ఫోలేట్ చాలావరకు మిగలవు. వెయ్యి మంది వంటలో కొంత నష్టం తప్పదు, ఒప్పుకుంటాను. సోడా వేయకపోవడం మాత్రం ఏ మెస్‌కైనా సాధ్యమే. అందుకు కావాల్సింది పప్పు ముందుగా నానబెట్టుకోవడం, అంతే.

కంచం దగ్గర టైమ్ పెద్ద శత్రువు. లైన్లో నిలబడి, వడ్డించుకుని, చోటు వెతుక్కునేసరికి బ్రేక్‌లో ఎక్కువ భాగం అయిపోతుంది. పది నిమిషాల్లో మింగాల్సిన పిల్ల ఏం తింటుంది? మెత్తగా దిగిపోయేది. సాంబారన్నం, పెరుగన్నం. ముల్లంగి, గోరుచిక్కుడు లాంటి నమలాల్సిన కూర కంచం అంచున మిగిలిపోతుంది. ఉదయం స్టడీ అవర్ ఆలస్యంగా వదిలితే టిఫిన్ మానేసి క్లాసుకు పరిగెత్తే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇంట్లో అయితే కంచంలో మిగిలిన కూర అమ్మ చూస్తుంది, “అదేంటే, అది వదిలేశావ్?” అంటుంది. హాస్టల్‌లో ఆ కంచం నేరుగా కడిగే తొట్టిలోకి పోతుంది. చదువులో మార్కు తగ్గితే సాయంత్రానికల్లా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. నాలుగు రోజులుగా పిల్ల టిఫిన్ తినడం లేదని మెసేజ్ పంపే పద్ధతి ఎక్కడైనా ఉందా?

సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర మధ్య వచ్చే ఆకలి విషయంలో మెస్‌లు అన్యాయం చేస్తున్నాయని నా గట్టి అభిప్రాయం. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న పిల్లకు మళ్లీ రాత్రి ఎనిమిదికి భోజనం. మధ్యలో టీ, రెండు బిస్కెట్లు. ఆ టైమ్‌లో ఉడికించిన శనగలో, వేరుశనగ ఉండో, జామకాయో, రాగిజావో పెడితే రోజులో ఉన్న లోటు చాలావరకు అక్కడే పూడుతుంది. ప్రభుత్వ బడుల్లో 2023లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు, మిగతా రోజులు చిక్కీ. లక్షల్లో పిల్లలున్న ప్రభుత్వ వ్యవస్థకు అది సాధ్యమైతే, సొంత కిచెన్ ఉన్న హాస్టల్‌కు కష్టమేమీ కాదు. ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. 2020లో వచ్చిన కేంద్ర ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన తిండి స్కూలు క్యాంటీన్‌లో, హాస్టల్ మెస్‌లో, గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదు. గేటు పక్కన షాపు ఉంటే తల్లిదండ్రులు నిలదీయడానికి ఈ నియమం చాలు.

రక్తం ఎందుకు తగ్గుతుంది

ఐరన్ సంగతి కాస్త విడమరచాలి, ఎందుకంటే తిన్నదంతా ఒంటికి పట్టని పోషకం ఇది. మన అన్నం, పప్పు, ఆకుకూరల భోజనంలోని ఐరన్‌లో శరీరం పీల్చుకునేది పదో వంతు కంటే తక్కువ. గింజల్లోని ఫైటేట్లు, టీ, కాఫీలోని టానిన్లు దాన్ని పట్టి ఉంచేస్తాయి. టిఫిన్‌తో పాటు టీ తాగితే పట్టే ఐరన్ సగానికి పైగా పడిపోవచ్చు. విటమిన్ సి దీనికి విరుగుడు. అన్నంలో నిమ్మరసం పిండుకోవడం, భోజనం తర్వాత జామకాయ తినడం, ఉసిరి పచ్చడి వేసుకోవడం ఇవన్నీ పనిచేసే ఉపాయాలే. తెనాలి నిమ్మ మార్కెట్ పక్కనే పెట్టుకుని మన హాస్టళ్లలో పిల్లలకు నిమ్మచెక్క దొరక్కపోవడం నాకు బాధగా ఉంటుంది. శనగలు, పెసలు మొలకలెత్తించినా, ఇడ్లీ పిండిలా పులియబెట్టినా ఫైటేట్లు తగ్గుతాయి. చికెన్, చేపల్లోని ఐరన్ మాత్రం తేలిగ్గా పడుతుంది, తోటి తిండిలోని ఐరన్‌ను కూడా పట్టేలా చేస్తుంది.

ఫోర్టిఫైడ్ బియ్యం గురించి తల్లిదండ్రులకు అనుమానాలు ఎక్కువ. ప్లాస్టిక్ బియ్యం అన్న పుకారు ఇప్పటికీ తిరుగుతోంది. అది బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా చేసి మామూలు బియ్యంలో కలిపేది. ప్రమాణం ప్రకారం కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలి. రోజుకు 350 గ్రాములు తింటే పది మిల్లీగ్రాములో, ఇంకాస్త ఎక్కువో అదనంగా అందుతుంది. ప్రభుత్వ హాస్టళ్లకు వచ్చిన ఈ బియ్యం ప్రైవేటు హాస్టళ్లకు రాలేదు. అక్కడ వండేది మార్కెట్లో కొన్న సన్నబియ్యం.

ఇలాంటి తేడా ఇంకోటి ఉంది, అది మరీ పెద్దది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలకు వారానికొకటి ఐరన్ మాత్ర ఇవ్వాలన్న పథకం 2012 నుంచి ఉంది. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న నీలం మాత్ర. దాంతో పాటు ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర. ఆ మాత్ర పరగడుపున వేసుకుంటే వికారం వస్తుంది, విరేచనం నల్లగా అవుతుంది, ఈ రెండూ ముందే చెప్పకపోతే పిల్లలు కిటికీలోంచి పారేస్తారు. అమలులో లోపాలున్నా, ప్రభుత్వ బడి పిల్లల కోసం ఒక ఏర్పాటంటూ ఉంది. ప్రైవేటు హాస్టల్ పిల్లల కోసం ఈ పథకంలో చోటు లేదు. లక్షన్నర ఫీజు కట్టే ఇంటి పిల్లకు రక్తహీనత ఉందా అని అడిగే మనిషే లేరు.

నెలసరి మొదలైన ఆడపిల్లల్లో ఏడు రోజులు దాటి రక్తస్రావం అవుతున్నా, రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా డాక్టర్‌కు చూపించాలి. హాస్టల్‌లో ఇది చెప్పుకోవడానికి పిల్లలు సిగ్గుపడతారు. ఇంకా బాధ కలిగించే సంగతి, బాత్రూములు బాగా లేవని నీళ్లు తాగడమే మానేసే ఆడపిల్లలున్నారు. బెజవాడ ఎండల్లో, ఇరుకు క్లాసురూముల్లో నీళ్లు తాగని పిల్లకు ఆకలి చస్తుంది, తలనొప్పి వస్తుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. బాత్రూము శుభ్రత కూడా పోషకాహారానికి సంబంధించిన విషయమే. తాగే నీళ్లు కలుషితమై టైఫాయిడ్, కామెర్లు వచ్చినా అంతే. నెల రోజుల ఎదుగుదల పోతుంది.

ఎముక విషయంలో కాల్షియం ఒక్కటే చాలదు. దాన్ని పేగుల నుంచి లోపలికి తీసుకునేది విటమిన్ డి. అది ఎండ తగిలితే చర్మంలో తయారవుతుంది. గది, క్లాసు, మెస్ ఒకే బిల్డింగులో ఉన్న పిల్లలకు వారంలో ఎన్ని నిమిషాలు ఎండ తగులుతుందో ఆలోచించండి. ఇంత ఎండ కాసే ఊళ్లో విటమిన్ డి లోపమా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎగరడం, పరిగెత్తడం, బరువు మోయడం లాంటి ఒత్తిడి పడితేనే ఎముక కాల్షియాన్ని పట్టుకుంటుంది. నిద్ర కూడా ఈ లెక్కలోదే. ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలో. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదిన్నరకు వదిలి ఐదింటికి లేపితే ఆరున్నర గంటలు కూడా దక్కవు. రోజుకో గంట ఆట, ఒక గంట అదనపు నిద్ర అంటే సిలబస్ పోతుందని టెన్షన్ పడే యాజమాన్యాలకు, తల్లిదండ్రులకు కూడా, ఎముక గట్టిపడే ఈ ఏళ్లు మళ్లీ రావని తెలియాలి.

వీటన్నిటికంటే చవకైనది, ఎక్కడా సరిగా జరగనిది ఎత్తు, బరువు కొలిచి రాయడం. ఒక గోడకు టేపు, ఒక బరువు మిషన్, ఒక రిజిస్టరు. మూడు నెలలకోసారి కొలిస్తే చాలు. ఒక్క అంకె ఏమీ చెప్పదు. 13 ఏళ్ల కుర్రాడు క్లాసులో పొట్టిగా ఉన్నాడంటే తిండి లేక కాదేమో, వాడి ఎదుగుదల ఆలస్యంగా మొదలవుతుందేమో, వాళ్ల నాన్నకూ అలాగే జరిగిందేమో. అమ్మానాన్నల ఎత్తులు సెంటీమీటర్లలో కలిపి, మగపిల్లాడికైతే 13 కూడి, ఆడపిల్లకైతే 13 తీసి, రెండుతో భాగిస్తే వాళ్లు చేరగల ఎత్తు ఉజ్జాయింపుగా వస్తుంది, ఎనిమిది సెంటీమీటర్లు అటూ ఇటూ. కౌమారపు ఊపు ఇంకా రాని పిల్లలు ఏడాదికి నాలుగు సెంటీమీటర్ల కంటే తక్కువ పెరిగితే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ఆ ఊపు వచ్చే వయసులో మూడు నెలలకు బరువు పెరగకపోగా తగ్గితే, అది చిన్న విషయం కాదు. ఇవన్నీ తెలియాలంటే పాత కొలత ఉండాలి, అదే మన పిల్లల దగ్గర ఉండదు. ప్రభుత్వ బడుల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందాలు వస్తాయి. ప్రైవేటులో అడ్మిషన్ ఫారమ్ మీద రాసిన అంకె పాస్ అయ్యేదాకా అదే.

గుంటూరు జిల్లా తాడికొండలో 1972లో గురుకుల పాఠశాల పెట్టినప్పుడు, పేదింటి పిల్లలకు చదువుతో పాటు తిండి, వసతి కూడా బడి బాధ్యతే అన్న ఆలోచన దాని వెనక ఉంది. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకు డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం విజయవాడ పాయకాపురంలోనే మొదలైంది. ఇంటర్ వయసు పిల్లల ఆకలిని ప్రభుత్వం గుర్తించడం మంచి పరిణామం. హాస్టల్ పిల్లల తిండికి ప్రభుత్వం ఇచ్చే డైట్ ఛార్జీలు ఏళ్ల తరబడి పెంచకుండా, గుడ్డు, పప్పు ధరలు పెరిగాక అదే మెనూ వండమంటే వార్డెన్ మాత్రం ఏం చేయగలరు అన్నది వేరే చర్చ, కానీ జరగాల్సిన చర్చ.

ఆదివారం ఔటింగ్‌కు వెళ్లే తల్లిదండ్రుల సంగతి. క్యారేజీలో బిరియానీ, సంచిలో చిప్స్, ఆవకాయ సీసా. ప్రేమతో తెచ్చినవే. కానీ పచ్చడి చేసే పని ఇంకో రెండు ముద్దల అన్నం లోపలికి పంపడం, దాంతో పాటు బోలెడు ఉప్పు. మన డెల్టాలో వరి కోతలకు కాస్త ముందు మినుము చల్లుతారు, ఇంటింటా సున్నుండలు చేసే అలవాటుంది. సున్నుండలు, పొట్టు తీయని నువ్వులతో చిమ్మిలి, వేరుశనగ ఉండలు రెండు వారాలు నిలవుంటాయి, ఫ్రిజ్ అక్కర్లేదు. పొట్టున్న నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములు దాటిన కాల్షియం ఉంటుంది, అందులో పట్టేది పాలంత కాకపోయినా. ఒక్కటే జాగ్రత్త, గదిలో అందరికీ సరిపడా పంపండి. తల్లిదండ్రులు రాలేని పిల్లలు ప్రతి గదిలోనూ ఉంటారు.

ఫోన్‌లో “తిన్నావా?” అని అడిగితే “తిన్నా” అనే వస్తుంది. “పొద్దున ఏం పెట్టారు, ఎంత వదిలేశావు, సాయంత్రం ఏం తిన్నావు, పెరుగు వేశారా?” అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. శాకాహారం తినే, పాలు ఇష్టపడని పిల్లలైతే బి12 గురించి ప్రత్యేకంగా డాక్టర్‌ను అడగాలి. అది మొక్కల నుంచి రాదు.

దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. పన్నెండేళ్లు నిండిన ఆడపిల్లలకు 12, పదిహేనేళ్లు నిండిన మగపిల్లలకు 13 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. మందు మోతాదు డాక్టరే చెప్పాలి, ఎందుకంటే వారానికొకసారి వేసే మాత్ర రక్తహీనత రాకుండా కాపాడటానికే, వచ్చాక అది చాలదు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చిన తర్వాత కూడా రెండు మూడు నెలలు వాడితేనే ఒంట్లో ఐరన్ నిల్వలు నిండుతాయి. సెలవుల్లో మొదలుపెట్టిన కోర్సు హాస్టల్‌కు వెళ్లగానే ఆగిపోవడం మామూలుగా జరిగే పని. మాత్ర పేరు, ఏ పూట భోజనం తర్వాత వేయాలి, టీతో వేయకూడదు, ఎప్పటిదాకా వేయాలి, ఇవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి వార్డెన్‌కు ఒకటి, పిల్ల పెట్టెలో ఒకటి ఇవ్వండి. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాల్సిన తేదీ కూడా అందులోనే రాయండి.